వీధి గదిలో రేడియోలు

ఫోన్ ఛార్జింగ్ పిన్ను పోతే మొన్న విశాఖలో మా వీధి చివర రిపేరు షాపుకి వెళ్ళాను. కుర్రాడు సోల్డరింగ్ ఐరన్ కొనని పేస్టు డబ్బాలో ముంచి లెడ్డు తీగకి ఆనించాడు. సన్నగా పొగ లేచింది. వేసవి సెలవులంటే అందరూ మామిడిపళ్ళ వాసనా మల్లెపూల వాసనా అంటారు గానీ, నా సెలవులు మాత్రం ఈ పొగ వాసనే వేసేవి. దానితోపాటు వేడెక్కిన దుమ్ము, పాత వార్నిష్. బరంపురంలో మా చిన్నమావయ్య ఇల్లు అది.

మావయ్య పోయి ఏడాది దాటింది. ఆయన రేడియోల సంగతి తేలడానికి ఇంచుమించు అంత కాలమూ పట్టింది. ఎలా తేలిందో రాద్దామని కూర్చుంటే ముందు పాత సంగతులే వస్తున్నాయి. రానీ.

*

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. బరంపురం స్టేషన్ బోర్డు మీద ఇప్పుడు బ్రహ్మపుర్ అని ఉంటుంది. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. హద్దు గీసినప్పుడు అటు పడ్డ తెలుగువాళ్ళు చాలామంది అక్కడే ఉండిపోయారు, మా అమ్మమ్మ వాళ్ళలాగే. ఇంట్లో తెలుగు, వాకిట్లో ఒడియా. కూరగాయలమ్మితో అమ్మమ్మ బేరం ఒడియాలో మొదలై తెలుగులో తెగేది.

మావయ్య కోర్టులో గుమాస్తా. వీధిలోవాళ్ళకి మాత్రం 'రేడియో బాబు'. అలాగని మెకానిక్ కాదు, డబ్బు తీసుకుని ఎవరిదీ బాగు చెయ్యలేదు. జనం ముందు ట్రాన్సిస్టర్లకీ, తరవాత టీవీలకీ మారిపోతుంటే అటకెక్కిన వాల్వు సెట్లని, అంటే లోపల గాజు గొట్టాలతో పనిచేసే పాత రేడియోలని, బతిమాలి దింపించుకునేవాడు. కొన్నిటికి డబ్బిచ్చాడు. కొన్నిటికి అత్త పెట్టిన ఆవకాయ జాడీ చేతులు మారింది. మర్ఫీ, బుష్, ఫిలిప్స్, జీఈసీ, నేషనల్ ఎకో. చివరికి ఇరవై దాటాయి.

వాటికోసం వీధి గది. రెండు గోడలకీ చెక్క అల్మారాలు. బరంపురం అప్పడాలకీ ఊరగాయలకీ పేరుపడ్డ ఊరు, ఆ అల్మారాలు కూడా అసలు వాటికోసం చేయించినవే. అమ్మమ్మ పోయాక ఒక్కో అరా రేడియోల పాలైంది. "ముందు ఒక్కటే అన్నారు" అనేది అత్త, వచ్చిన ప్రతి చుట్టంతోనూ. జాడీలన్నీ వంటింటి గట్టు కిందకి దిగాయి. ఆ దిగడం ఆవిడ ఎప్పుడూ మర్చిపోలేదు.

*

సెట్ వెయ్యడం ఒక తతంగం. నాబ్ తిప్పితే టక్కుమనేది. వెంటనే ఏమీ రాదు. వాల్వుల్లో ఫిలమెంట్లు వేడెక్కాలి కదా, అర నిమిషం ఆగాలి. వెనక చిల్లుల అట్టలోంచి నారింజ వెలుగు గోడ మీద పడేది. తరవాత సన్నటి గురగుర. ఆ తరవాత ఎక్కడో దూరంనుంచి ఒక గొంతు. కొన్ని సెట్లకి ముందు వైపు ఆకుపచ్చగా వెలిగే చిన్న గాజు కన్ను ఉండేది. మేం పిల్లికన్ను అనేవాళ్ళం. స్టేషన్ సరిగ్గా కుదిరితే ఆ పచ్చ వెలుగు అంచులు దగ్గరకొచ్చి కలిసేవి. మావయ్య చెవితో కాక కంటితో ట్యూన్ చేసేవాడు. అది చూసి నేను గొప్ప విద్య అనుకునేవాణ్ణి.

ఆ గదిలో చట్టాలు కొన్ని ఉండేవి. వెనక మూత తీసిన సెట్ దగ్గరికి చెప్పులు లేకుండా రాకూడదు. చెక్కపీట మీద కూర్చునే పని. ఒక చెయ్యి పనిలో ఉంటే రెండోది వీపు వెనక పెట్టుకోవాలి. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందని. "ఏట్రా ఆ చెయ్యి? వెనక్కెట్టు. కొడతాది" అని కసిరేవాడు. అది ఉత్త బెదిరింపు కాదు. ఏసీకీ డీసీకీ పనికొచ్చేలా చేసిన పాత సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. కరెంటు తీగల్లో ఒకటి నేరుగా లోపలి ఇనప చట్రానికే (ఛాసిస్) కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే రేడియో రేడియో అంతా కరెంటే. నాబ్ ఊడిపోయిన సెట్‌ని వేలితో తిప్పబోయి పక్కింటి కుర్రాడొకడు వాకిట్లో పడ్డాడు. బతికాడు గానీ మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

కొత్తగా తెచ్చిన సెట్‌ని మావయ్య ఎప్పుడూ నేరుగా ప్లగ్గులో పెట్టేవాడు కాదు. గోడకి ఒక చెక్క మీద బల్బు హోల్డరు, స్విచ్చు, సాకెట్ బిగించి ఉండేవి. సీరీస్ బల్బు అంటారు. కరెంటు ముందు బల్బులోంచి వెళ్ళి అప్పుడు రేడియోలోకి వెళ్తుంది. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, రేడియో కాలకుండా బతుకుతుంది. బల్బు ఒక్కసారి మెరిసి మెల్లగా మందగించిందా, లోపల అంతా బాగానే ఉందని లెక్క. ఆ మందగింపు కోసం మేమంతా ఊపిరి బిగపట్టి చూసేవాళ్ళం. బల్బు గనక అలాగే భగ్గున వెలుగుతుంటే మావయ్య స్విచ్చు కట్టేసి, "పేషెంటు అడ్మిట్" అనేవాడు. ఆ సెట్ బల్ల మీదకెక్కేది. ముందు అనుమానం ఎప్పుడూ పాత కాగితపు కండెన్సర్ల మీదే.

*

ఏ స్టేషన్ ఎక్కడ వస్తుందో డయల్ గాజు మీద అత్త గోళ్ళరంగుతో చుక్కలు పెట్టేవాడు. ఒక చుక్క కటక్, రెండు విజయవాడ, మూడు విశాఖపట్నం, నాలుగు శ్రీలంకలోని రేడియో సిలోన్. కటక్, విజయవాడ స్టేషన్లు రెండూ 1948లోనే మొదలయ్యాయి. కటక్ జనవరిలో, విజయవాడ డిసెంబరులో. "మనకి ముందు ఒడియా వచ్చింది, ఏడాది చివర్లో తెలుగొచ్చింది" అనేది అమ్మమ్మ, సంక్రాంతికి ఇద్దరు అల్లుళ్ళు వచ్చినట్టు. విశాఖ స్టేషన్ 1963లో పెట్టాకే పగటిపూట తెలుగు కాస్త స్పష్టంగా వినబడిందట.

విజయవాడ మాత్రం రాత్రి సరుకు. పగలు ఎంత తిప్పినా గరగరే. చీకటి పడ్డాక నెమ్మదిగా తేలేది. వస్తూ, పోతూ, మళ్ళీ వస్తూ. ఎందుకలా అనడిగితే మావయ్య పలక మీద గీసి చెప్పాడు. ఆకాశంలో పైన పొరలుంటాయి. పగలు ఎండకి తయారయ్యే కింది పొర మీడియంవేవ్‌ని మింగేస్తుంది. పొద్దు వాలితే ఆ పొర పోతుంది. అప్పుడు తరంగం పై పొరని తాకి మళ్ళీ కిందకి దిగుతుంది, ఎక్కడో దూరాన. ఇదే పాఠం కాలేజీలో లెక్చరరు గంట సేపు చెప్పారు. నాకు కొత్తగా తెలిసిందేమీ లేదు.

సిలోన్ సంగతి వేరు. 1952లో కేంద్రమంత్రి కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలు ఆపించేస్తే దేశం దేశమంతా కొలంబో వైపు తిరిగిందని మావయ్య చెప్పేవాడు. వివిధ భారతి వచ్చింది 1957 అక్టోబరులో. అప్పటికే సిలోన్ రుచి జనానికి పట్టేసింది. మా చిన్నప్పుడు కూడా బుధవారం రాత్రి ఎనిమిదైతే వీధి గది కిటికీ అవతల అరుగు మీద జనం చేరేవారు. బినాకా గీత్‌మాలా పాటల కార్యక్రమం చెప్పే అమీన్ సయానీ గొంతు వినబడగానే ఒడియావాళ్ళూ తెలుగువాళ్ళూ ఒకేసారి మాటలాపేవారు. హిందీ సరిగ్గా అర్థమయ్యేది ఇద్దరిలో ఎవరికీ కాదు.

రెండేళ్ళకోసారి ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర, వచ్చినప్పుడు మాత్రం రేడియోలకి సెలవే. వీధంతా సీరియల్ లైట్లు, వాటికి డయల్ ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒకటే బుర్రుమనే మోత. మావయ్య విసుక్కునేవాడు. మేం పులివేషాల వెనక పడేవాళ్ళం.

*

గోపాల్‌పూర్ వెళ్ళామంటే సముద్రం చూడ్డానికి అనుకునేవాళ్ళం మేము. మావయ్య వెళ్ళేది దారం కోసం. ట్యూనింగ్ నాబ్‌నుంచి డయల్ ముల్లుదాకా చక్రాల మీదుగా ఒక సన్న దారం తిరుగుతుంది. అది తెగితే నాబ్ ఎంత తిప్పినా ముల్లు కదలదు. అక్కడి నోలియా జాలరులు మాట్లాడేది తెలుగే. వల అల్లే దారంలో సాగనిది ఏదో వాళ్ళకే తెలుసు. నైలాన్ ఇస్తే వద్దనేవాడు, సాగుతుందని. దారానికి బదులు వాళ్ళ ట్రాన్సిస్టర్లు చూసి పెట్టేవాడు. ఉప్పుగాలికి బ్యాటరీ స్ప్రింగులు పచ్చగా చిలుము పట్టి ఉండేవి. గరుకుకాగితంతో గీకి, లెడ్డు పూసి ఇచ్చేవాడు. వాళ్ళకి పాటలకంటే తుఫాను కబురు ముఖ్యం, వేటకి వెళ్ళాలా వద్దా అని.

ఇంకో పిచ్చి కూడా ఉండేది ఆయనకి, ఉత్తరాలు. షార్ట్‌వేవ్‌లో ఏ దూరదేశపు స్టేషనో దొరికితే ఏం విన్నాడో, ఎంత బాగా వినబడిందో రాసి పంపేవాడు. సిగ్నల్ బలం, అడ్డు, రొద ఇలా అయిదిటికి అయిదు అంకెలు వెయ్యాలి. సిన్పో అంటారు దాన్ని. రిపోర్టు సరైనదైతే స్టేషన్‌వాళ్ళు ధృవీకరిస్తూ బొమ్మ కార్డు పంపేవారు, క్యూఎస్ఎల్ కార్డు. జర్మనీనుంచి, జపాన్‌నుంచి, హాలండ్‌నుంచి, ఎక్కడో ఈక్వెడార్‌లోని క్విటోనుంచి కూడా వచ్చాయి. టైము గ్రీన్‌విచ్ లెక్కలో రాయాలి కాబట్టి ఆ గదిలో రెండు గడియారాలు, ఒకటి అయిదున్నర గంటలు వెనక. కొత్త కాపురంలో అత్త ఆ వెనక గడియారం చూసి ఒక రోజు మధ్యాహ్నం భోజనం సాయంత్రం పెట్టిందని మా ఇంట్లో ఒక కథ. నిజం కాదని అత్త. నిజమే అని అమ్మ.

రేడియో ఉంటే లైసెన్సు ఉండాల్సిన రోజులవి. పోస్టాఫీసులో ఏడాదికి 15 రూపాయలు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. ఎనభైలలో ఆ లైసెన్సులు తీసేశారు. మావయ్య మాత్రం సెట్‌తోపాటు పాత యజమాని లైసెన్సు పుస్తకం కూడా అడిగి తెచ్చుకునేవాడు. దాన్ని వెనక మూత లోపల దారంతో కట్టి పెట్టేవాడు. మేం నవ్వేవాళ్ళం.

*

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఫోన్లు లేవు. విశాఖలో మేం టీవీ ముందు కూర్చుని టెన్షన్ పడుతుంటే వాళ్ళు చీకట్లో బ్యాటరీ ట్రాన్సిస్టర్ పెట్టుకుని కటక్ వింటూ కూర్చున్నారట. వీధి గది పెంకులు లేచిపోయాయి. "మంచం మీద రేడియోలు, పైన టార్పాలిన్. మేమిద్దరం నేల మీద" అని అత్త తరవాత చెప్పింది. అందరికీ చెప్పింది. అయినా ఒక గోడ అరల్లో నీళ్ళు దిగాయి. కొన్నిటి చెక్క పైపొర ఉబ్బి లేచింది, స్పీకర్ల కాగితం మెత్తబడింది. ఎండలో పెడితే పగులుతాయని అన్నిటినీ నీడలోనే ఆరబెట్టాడు. అప్పటికి రిటైరై చాలా కాలమైంది. చెయ్యి వణుకుతుండేది. కొన్ని సెట్లు ఇక లేవలేదు.

*

ఆయన పోయాక అత్తని బావ పుణె తీసుకెళ్ళిపోవాలనుకున్నాడు, ఇల్లు అమ్మేసి. సంవత్సరీకానికి ముందే గది ఖాళీ కావాలి. నాకు కాస్త తెలుసు కదా అని నన్ను పిలిచారు.

బావ అప్పటికే ఫోన్‌లో చూసి ఉన్నాడు. మన దగ్గరున్నలాంటి మర్ఫీకి ఎవరో కళ్ళు తిరిగే ధర పెట్టారు. ఇరవైతో హెచ్చించి కూర్చున్నాడు. అడిగే ధర ఎవడైనా పెడతాడు బావా, అమ్ముడుపోయిన ధర చూపించు అన్నాను. అలిగాడు. పాత రేడియోలో ధర పలికేది వయసు ఒక్కటే కాదు. నాబ్‌లు నాలుగూ అసలువేనా, డయల్ గాజు పగలకుండా ఉందా, వెనక అట్ట ఉందా, ముందు గుడ్డ చిరిగిందా, ఎవరైనా మెరుస్తుందని కొత్త పాలిష్ కొట్టారా. ఇవన్నీ చూస్తారు. కొత్త పాలిష్ కొట్టినదానికి తెలిసినవాళ్ళు తక్కువే ఇస్తారు.

అది చెబుతుండగానే బావ ఒక బుష్ తీసి, ఎవరో చూడ్డానికి వస్తున్నారని ప్లగ్గు సాకెట్ దాకా తీసుకెళ్ళాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఏళ్ళ తరబడి కరెంటు చూడని సెట్‌లో కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి, నేరుగా పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. సీరీస్ బల్బు చెక్క ఇంకా మేకుకే వేలాడుతోంది. కొత్త బల్బు కోసం బజారంతా తిరిగాం. ఇప్పుడన్నీ ఎల్ఈడీలే, అవి ఈ పనికి పనికిరావు, ఫిలమెంటు బల్బే కావాలి. చివరికి పూజా సామాన్ల కొట్లో దొరికింది. రెండు రోజులు అదే పని, ఒక్కోటీ పెట్టడం, బల్బు చూడడం, చీటీ అంటించడం.

వచ్చినవాళ్ళ గురించి చెప్పాలి. పాత సామాన్లాయన కాటా తెచ్చాడు. రాగి తీగ ఎంత, ఇనుము ఎంత, అంతే. గోపాల్‌పూర్ రోడ్డులో హోటల్ పెడుతున్న కుర్రాళ్ళు మర్యాదగా మాట్లాడారు. వాళ్ళకి పెట్టెలు కావాలి, లోపలిది తీసేసి బ్లూటూత్ స్పీకర్ పెడతారట. డయల్ మీద ఎర్ర చుక్కలు తుడిచిస్తే బాగుంటుందన్నారు. భువనేశ్వర్‌నుంచి ఇంకొకతను వచ్చాడు, గిటారు వాయిస్తాడు. వాల్వులు మాత్రమే అడిగాడు. ఈఎల్ 84, ఈసీసీ 83 లాంటివి గిటారు ఆంప్లిఫయర్లలో ఇప్పటికీ వాడతారు, వాటికి గిరాకీ ఉంది. మావయ్య వాడకుండా అట్టపెట్టెల్లో దాచినవి చాలా ఉన్నాయి. సెట్లలోవి కూడా పీకి ఇస్తే మంచి ధర ఇస్తానన్నాడు. లెక్క వేస్తే నిజమే, కొన్ని సెట్లు ముక్కలుగానే ఎక్కువ పలుకుతాయి. నాకు మనసొప్పలేదు. బావకి ఒప్పింది. ఇద్దరం కాసేపు గట్టిగానే మాట్లాడుకున్నాం.

అత్త వంటింట్లోంచి వచ్చింది. ఆవిడ మావయ్య పక్షాన మాట్లాడుతుందని నేను ఎదురుచూశాను. "ఎవరెక్కువిస్తే వాళ్ళకిచ్చేయండిరా. ఆయనేం చూడొస్తారా? అల్మారాలు మాత్రం నావి" అంది. మరి వినడానికి ఒక్క రేడియో అయినా ఉంచుకోవా అత్తా అంటే, "ఫోన్‌లో వివిధ భారతి వస్తోంది కదా, అర నిమిషం ఆగక్కర్లేదు" అంది. నలభై ఏళ్ళ కోపం ఒక్క మాటలో తీర్చేసుకుంది అనిపించింది. తప్పేమీ లేదు. ఆ గది ఆవిడ ఎప్పుడూ అడగలేదు, ఊడ్చింది మాత్రం ఆవిడే.

చివరికి విశాఖలో ఒక రిటైరైన ఇంజినీరుగారి గురించి తెలిసింది. వచ్చి గదంతా ఒకసారి చూసి, ధర మాట ఎత్తకుండా, "సీరీస్ బల్బు ఎక్కడండీ?" అన్నారు. అప్పుడే నాకు సగం బేరం తెగింది. వెనక మూతలు ఒక్కోటీ విప్పి, లైసెన్సు పుస్తకాలు కనబడేసరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఏ సెట్ ఏ వీధిలో ఏ ఇంట్లో ఎన్నేళ్ళు పాడిందో వాటిలో ఉంది కదా. పుస్తకం ఉన్న సెట్‌కి ఎక్కువే ఇస్తానన్నారు, ఇచ్చారు. చుక్కల జోలికి వెళ్ళలేదు. నాలుగు చుక్కలు దేనికని మాత్రం అడిగారు. చెబితే నవ్వి, మా ఇంట్లో సున్నంతో పెట్టేవాళ్ళం అన్నారు.

పాడే సెట్లూ, పాడగలవీ ఆయనకి వెళ్ళాయి. తుఫానుకి బొత్తిగా పాడైనవాటి పెట్టెలు హోటల్ కుర్రాళ్ళకి ఇచ్చాం. ఆ డబ్బు కూడా తక్కువేమీ కాదు, బావ మొహం కాస్త విప్పారింది. బొమ్మ కార్డులు ఎవరూ అడగలేదు. రేడియో నెదర్లాండ్స్ 2012లో రేడియో ప్రసారాలు ఆపేసింది, రేడియో ఆస్ట్రేలియా 2017లో షార్ట్‌వేవ్ మూసేసింది. అలాంటి కార్డులు ఇచ్చేవాళ్ళు బాగా తగ్గిపోయారిప్పుడు. బావ కూతురు క్విటో కొండల బొమ్మ ఒకటి తీసుకుంది, మిగతావి సూట్‌కేసులో పుణె వెళ్ళాయి. అల్మారాలూ వెళ్ళాయి, లారీలో. కిరాయి రెండు మర్ఫీల ధర అయిందని బావ ఇప్పటికీ గొణుగుతాడు.

విడి వాల్వుల పెట్టె మాత్రం నా దగ్గర ఉంది. గిటారు కుర్రాడు నెలకోసారి మెసేజ్ పెడతాడు. ఈఎల్ 84లు ఒక జత ఇచ్చాను, డబ్బు అత్త ఖాతాలో వేయమన్నాను. మిగతావి ఇవ్వను. ఇంజినీరుగారి ఇంట్లో ఆ సెట్లు ఆడుతున్నన్నాళ్ళు వాటికే కావలసొస్తాయి. మొన్ననే ఫోన్ చేశారు, ఒక పిల్లికన్ను మసకేసిందట.